కాలువకు మూత లేదు, స్తంభానికి లైటు లేదు, ఎవరి దగ్గరికి పోవాల?

పాతబస్టాండు:

అందరికీ నమస్తే. మాది తిరుపతి నుంచి బస్సులో గంట దూరం ఉండే చిన్న మున్సిపాలిటీ. ఊరి పేరు రాయను, రాస్తే ఎవరు పెట్టారో సాయంత్రానికల్లా మా వీధిలో తెలిసిపోతుంది, ఆ తర్వాత ఇంటి ప్లానుకో కొళాయి కనెక్షనుకో ఆ ఆఫీసు మెట్లెక్కాల్సింది నేనే కదా.

బస్టాండు నుంచి హైస్కూలు మీదుగా రైల్వే గేటు దాకా పోయే రోడ్డు పక్కన పెద్ద మురుగు కాలువ ఉంది. దిగి నిలబడితే నడుము దాటే లోతు. దాని మీద ఒకప్పుడు బండలు ఉండేవి. ఇప్పుడు స్కూలు గోడ వెంబడి చాలా దూరం అసలు లేవు, ఉన్నచోట కూడా సగం విరిగి లోపలికి వాలిపోయినాయి. అదే వరసలో స్ట్రీట్ లైట్లు వెలగవు. ఎండాకాలంలో ఎట్లో చూసుకుని నడుస్తారు గానీ ఈ తుఫాను వానలు మొదలైనప్పటి నుంచి రోడ్డు మీది నీళ్లు, కాలువలో నీళ్లు ఒకే మట్టానికి వచ్చేసి ఎక్కడ రోడ్డు అయిపోయిందో ఎక్కడ కాలువ మొదలైందో తెలియడం లేదు. మొన్న టిఫిన్ బండి పెట్టుకునే ఆమె బిందెతో సహా అందులో పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. నేరుగా ఎముకల నాటు కట్టుకు పేరున్న పుత్తూరు పోయి కట్టు కట్టించుకొచ్చారు. "పుత్తూరు దగ్గరే కదా, ఏం భయం" అని కొందరు నవ్వుతున్నారు, నాకైతే నవ్వు రావడం లేదు. ట్యూషన్ పిల్లలు రాత్రి 8 దాటాక అదే దారిన రావాల. పైగా చికెన్ అంగళ్ల దగ్గర కుక్కల గుంపు, అవి తరిమితే సైకిల్ మీద ఉండే పిల్లోడు పక్కకు తిప్పేది ఎక్కడికి? కాలువలోకే.

చెప్పని చోటు లేదు. వార్డు సచివాలయంలో అడిగితే అది పాత హైవే, మాది కాదు అన్నారు. లైన్‌మన్‌ను అడిగితే స్తంభం మాది, లైటు మున్సిపాలిటీది అన్నాడు. కౌన్సిలర్ మంచోడే, కానీ 2021 మార్చిలో గెలిచినోళ్లం, 2026 మార్చితో మా టర్మ్ అయిపోతుంది, ఇప్పుడు కొత్త పని అంటే ఎవరు వింటారన్నా అన్నాడు. ఫోన్లో కంప్లైంట్ పెడితే కొన్నాళ్లకు 'పరిష్కరించబడింది' అని మెసేజ్ వచ్చింది, కింద ఫొటో చూస్తే అది మా కాలువే కాదు, ఎక్కడిదో కొత్తగా సిమెంటు పూసిన కాలువ.

ఇట్లాంటిదానికి అసలు ఎవరికి రాయాల, ఏమని రాయాల? చట్టంలో ఏమైనా పట్టు ఉందా? లేదంటే మా వీధోళ్లమే తలా ఇంత వేసుకుని బండలు పరిపించేద్దామని ఒక ఆలోచన ఉంది, అది చెయ్యొచ్చా?

మామిడితోట:

సామీ, కాగితాలు రాసి రాసి అలసిపోతారు. పేపర్ జిల్లా పేజీలో ఒక ఫొటో పడేట్టు చూడండి, చిన్నపిల్లలు ఆ కాలువ పక్కన బ్యాగులేసుకుని నడిచేది అయితే ఇంకా మంచిది. మా పక్క ఒక కల్వర్టు గుంత ఏళ్ల తరబడి అట్లనే ఉంటే ఫొటో పడగానే జేసీబీ వచ్చింది. మట్టి పోసి పోయారు, మళ్లీ వానకు ఆ మట్టి కొట్టుకుపోయింది, అది వేరే సంగతి.

టపాల్_మాస్టారు:

బాబూ, నేను వేరే ఊళ్లో మున్సిపల్ ఇంజనీరింగ్ సెక్షన్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. మీరు దీన్ని ఒక సమస్య అనుకుంటున్నారు, ఆఫీసులకు ఇది నాలుగైదు సమస్యలు. రోడ్డు ఒకరిది, కాలువ ఒకరిది, స్తంభం ఒకరిది, లైటు ఒకరిది, కుక్కలు మళ్లీ శానిటేషన్ వాళ్ల కిందికి వస్తాయి. అన్నీ కలిపి ఒకే అర్జీలో రాస్తే ప్రతివాడూ తనది కాని ముక్కను చూపించి కాగితాన్ని పక్క సెక్షన్‌కు తోసేస్తాడు. విడగొట్టి రాయండి. ఒక కాగితానికి ఒకటే విషయం, ఒకటే ఆఫీసు.

ముందు రోడ్డు ఎవరిదో తేల్చండి. ఊరికి బైపాస్ పడ్డాక లోపలి నుంచి పోయే పాత హైవే ముక్కను ఆర్ అండ్ బీకో మున్సిపాలిటీకో అప్పగిస్తారు. ఆ అప్పగింత కాగితం మీద పూర్తయిందా లేక మాటల్లోనే మిగిలిపోయిందా అన్నది చాలా ఊళ్లలో అసలు మెలిక. పూర్తికాకపోతే హైవే వాళ్ల కళ్లకు బైపాసే ఆనుతుంది, మున్సిపాలిటీ రికార్డులో ఆ రోడ్డే ఉండదు, మధ్యలో మీరు. ఇంకా హైవే కిందే ఉంటే 1033కు ఫోన్ చేసి కంప్లైంట్ నంబరు తీసుకోండి. కాలువ సంగతి వేరు, రోడ్డు ఎవరిదైనా అందులో పారేది ఊరి మురుగు. పూడిక ఎవరు తీయిస్తున్నారో కనుక్కోండి, వాళ్లే దాని తాలూకు వాళ్లు, ఇక మాది కాదు అనడానికి ఉండదు.

లైట్ల గురించి కొంచెం ఓపిగ్గా చదవండి, ఇక్కడే అందరూ తప్పుగా రాస్తారు. ఒక్క స్తంభం మీద పోతే అది ఆ లైటో దాని వైరో. వరసంతా పోయిందంటే తప్పు లైట్లది కాదు. వీధిలైట్ల కోసం స్తంభాల మీద విడిగా ఒక తీగ లాగి ఉంటుంది, దాన్ని సాయంత్రం వేసి పొద్దున ఆపే పెట్టె ఎక్కడో ఒక స్తంభానికి బిగించి ఉంటుంది. ఆ పెట్టెలో ఏదో కాలిపోయి ఉంటుంది, లేదా తీగ తెగి ఉంటుంది. మీరు 'లైటు వెలగడం లేదు' అని రాస్తే ఒక కుర్రాడు ఒక లైటు పట్టుకొచ్చి మార్చి, అదీ వెలక్కపోతే దిగి వెళ్లిపోతాడు, కంప్లైంట్ మూసేస్తారు. స్తంభాల మీద పెయింటుతో నంబర్లు ఉంటాయి, ఫలానా నంబరు నుంచి ఫలానా నంబరు దాకా వరసంతా లేదు అని రాయండి. ఆ పెట్టె తలుపు ఊడిపోయి వైర్లు బయటికి వేలాడుతుంటే మాత్రం అర్జీ కాదు, అప్పటికప్పుడు కరెంటోళ్ల నంబరు 1912కు ఫోన్ కొట్టాలి. వాన పడేటప్పుడు ఇనప స్తంభం దగ్గరికి పిల్లల్ని పోనివ్వకండి.

అర్జీ ఎప్పుడూ రెండు కాపీలు. కమిషనర్ పేరు మీద రాసి టపాల్ సెక్షన్లో ఇచ్చి, మీ కాపీ మీద ఇన్‌వార్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. నంబరు పడని అర్జీ ఆఫీసు లెక్కలో పుట్టనే లేదు.

ఇంకొకటి, ఇదే ముఖ్యం. 'కాలువ మొత్తం కట్టించండి' అని మొదలుపెట్టకండి. దానికి ఎస్టిమేట్ వెయ్యాలి, కౌన్సిల్‌లో పెట్టాలి, టెండరు పిలవాలి, అంతలో ఈ వానాకాలం దాటి ఇంకో వానాకాలం వస్తుంది. 'పని మంజూరయ్యేలోపు స్కూలు గోడ వెంబడి డ్రమ్ములు గానీ బారికేడ్లు గానీ పెట్టించి రేడియం టేపు కట్టించండి' అన్నది మొదటి వాక్యంగా రాయండి. దానికి తీర్మానం అక్కర్లేదు, మున్సిపల్ ఇంజనీరు (ఏఈ) తల్చుకుంటే అదే సాయంత్రం అయిపోతుంది. పెద్ద పని సంగతి రెండో పేరాలో. నిధుల్లేవంటే ఆర్థిక సంఘం సిఫారసుతో కేంద్రం ఇచ్చే గ్రాంటు గురించి అడగండి. 2021-26 నాటి 15వ ఆర్థిక సంఘం లెక్కలో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికి కట్టేసి ఉండేది, మిగతా 40 శాతం జీతాలకు తప్ప ఊరి అవసరం దేనికైనా పెట్టుకోనిచ్చారు. ఈ ఏడాది అది దేనికి పెట్టారు అన్న ప్రశ్న మర్యాదగానే అడగండి, ఎదుటివాళ్లు కాస్త నిటారుగా కూర్చుంటారు.

గాంధీరోడ్డు_గోపి:

ఒక మాట అడుగుతా, కోపం తెచ్చుకోవద్దు. ఆ బండలు యాడికి పోయినాయి? మా ఊళ్లో అయితే అంగళ్లోళ్లు బండి ఎక్కించుకోవడానికి కాలువ మీద కాంక్రీటు ర్యాంపులు పోసుకున్నారు, కింద పూడిక తీయడానికి మనిషి దూరడు, నీళ్లు ఎగదన్ని పక్కోళ్ల ఇంట్లోకి వస్తాయి. అప్పుడు పారిశుధ్యం వాళ్లు ర్యాంపుకు అటూ ఇటూ ఉన్న బండలు పగలగొట్టి పూడిక లాగుతారు, తిరిగి మూసేవాడు ఉండడు. మళ్లీ ఆ ర్యాంపు అంగడాయనే మూతల్లేవని ఫోన్లో కంప్లైంట్! ఏ కౌన్సిలరూ ముట్టుకోడు, ఎందుకంటే ర్యాంపులు కొట్టడానికి జేసీబీ వచ్చిన రోజు అడ్డంగా నిలబడేది మనమే. మీ వీధిలో ఈ కత లేదని గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలరా?

పాతబస్టాండు:

బజారు వైపు ఉంది గోపీ, లేదని ఎట్లంటా. అక్కడ ఇద్దరు ముగ్గురు అయితే మెట్లు కూడా కాలువ మీదికే కట్టుకున్నారు. కానీ నేను అడిగేది స్కూలు గోడ వెంబడి ముక్క. ఆ గోడకు ఎవడు ర్యాంపు కడతాడు, ఎవడి అంగడి ఉంది అక్కడ? పిల్లోళ్లు నడిచేది అక్కడే, ఖాళీగా ఉండేదీ అక్కడే. బజారు ర్యాంపుల తగువు తేలేదాకా దాన్ని కూడా ఆపుదామంటే నేను ఒప్పుకోను.

మాస్టారూ, చాలా థ్యాంక్స్. స్తంభాల నంబర్లు రేపే రాసుకొస్తా.

చిత్తూరు_వకీలమ్మ:

అన్నా, చట్టంలో పట్టు ఉందా అన్నారు కదా, ఉంది. జనం నడిచే చోట ప్రమాదంగా ఉన్న గుంతకో బావికో తవ్వకానికో కంచె వేయమని, దారికి అడ్డంగా ఉన్నదాన్ని తీసేయమని ఆదేశించే అధికారం ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్‌కు ఉంటుంది. పాత సీఆర్‌పీసీలో అది 133 సెక్షన్, 2024 జూలై 1 నుంచి దాని బదులు వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 152. మెజిస్ట్రేట్ అనగానే కోర్టు, వకీలు ఫీజు అని భయపడొద్దు, ఇది మీ ఆర్డీవో ఆఫీసులో ఇచ్చే అర్జీ. మధ్యప్రదేశ్‌లో రత్లాం అనే ఊరి జనం మురుగు భరించలేక ఇదే సెక్షన్ కింద మెజిస్ట్రేట్ దగ్గరికి పోయారు, ఆయన కాలువలు కట్టమన్నాడు, మున్సిపాలిటీ మా దగ్గర డబ్బుల్లేవని సుప్రీంకోర్టు దాకా పోయింది. 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు ఇచ్చారు, డబ్బుల్లేవు అన్నది ఈ బాధ్యత తప్పించుకోవడానికి సాకు కాదని. ఆర్డీవోలు ఈ సెక్షన్‌ను తమంతట తాము తీయరు, మీరే అర్జీ పైన సెక్షన్ నంబరు వేసి ఇవ్వాలి.

కానీ అందులో జత చేయడానికి మీ దగ్గర ఏముంది? టిఫిన్ బండి ఆమె పడింది, చెయ్యి విరిగింది, నేరుగా పుత్తూరు పోయారు. పుత్తూరు కట్టు మీద నాకేం కోపం లేదు, మా నాయనకూ అక్కడే కట్టించాం, బాగానే అతుక్కుంది. కానీ ఆమె పడినట్టు ప్రభుత్వం దగ్గర ఒక్క కాగితం ముక్క లేదు. మన వైపు ఇదే జరుగుతుంది, ఎముక విరిగితే కట్టు, దెబ్బ తగిలితే వీధిలో ఆర్‌ఎంపీ, ఆఖరికి రికార్డు చూస్తే ఆ రోడ్డు మీద ఎవరూ పడనే లేదు. ఇక మీద ఎవరు పడినా ముందు ప్రభుత్వాసుపత్రిలో ఓపీ చీటీ రాయించండి, 'కాలువలో పడి' అన్న మాట అందులో ఉండేట్టు చూడండి, ఆ తర్వాత ఎక్కడ కట్టించుకుంటారో మీ ఇష్టం. పెద్ద రోడ్ల విషయంలో బ్లాక్ స్పాట్, అంటే ప్రమాదాలు మళ్లీ మళ్లీ జరిగే చోటు, అని తేల్చేది కూడా ఇట్లాంటి లెక్కతోనే, 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో మనుషులు చనిపోయిన లేదా పెద్ద దెబ్బలు తగిలిన ప్రమాదాలు 5 జరిగి ఉండాలి, లేదంటే 10 మంది చనిపోయి ఉండాలి, అవి రాసి ఉంటేనే లెక్క.

ఆ తప్పు ఫొటోతో మూసేసిన కంప్లైంట్‌ను వదలకండి. ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కు ఫోన్ చేసి మళ్లీ తెరవమనండి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల వేదికలో ఆ ఫొటో, మీ ఫొటో పక్కపక్కన పెట్టి ఇవ్వండి. సమాచార హక్కు కింద కూడా అడగండి, 10 రూపాయలు కట్టి రసీదు తీసుకుంటే చాలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ రోడ్డు ఏ శాఖ రిజిస్టర్లో ఉంది, ఆ ఫొటో ఏ స్థలంలో తీశారు, కంప్లైంట్ మూయడానికి ఎవరు అనుమతించారు, అంతే. 'ఎందుకు చేయలేదు' అని రాయకండి, ఆ చట్టం కింద రికార్డు అడగొచ్చు గానీ సంజాయిషీ అడగలేం.

కొర్లగుంట_మేస్త్రి:

చందాలేసుకుని బండలు పరిచే ఆలోచన గురించి. నేను ఈ పనులే చేస్తా కాబట్టి చెప్తున్నా, అనుమతి లేకుండా వద్దు. కాలువ మూత అంటే ఏదో ఒక బండ తెచ్చి వేయడం కాదు. ఇద్దరు మనుషులు లేపగలిగే సైజులో, పట్టుకోవడానికి కొక్కెం ఉండేట్టు పోయాల, లేకపోతే పూడిక తీసే రోజు గడ్డపారతో పగలగొడతారు. స్కూలు ముందు ఆటోలు, ఒక్కోసారి ఇసుక ట్రాక్టర్ వెనక్కి వచ్చి బండ మీద ఎక్కుతుంది, నడిచే మనిషి కోసం వేసిన బండ ఆ బరువుకు పగులుతుంది, పైకి చూస్తే బాగున్నట్టే ఉంటుంది. మూత లేని కాలువ కంటే అది ప్రమాదం, ఎందుకంటే ఇప్పుడు జనం చూసి తప్పుకుంటున్నారు, అప్పుడు నమ్మి అడుగేస్తారు. రేపు ఎవరైనా పడితే వేసింది ఎవరు అని మీ పేర్లే వస్తాయి. డబ్బులు పెట్టాలనే ఉంటే కమిషనర్‌కు రాసిచ్చి, కొలత వాళ్లనే ఇమ్మనండి, సామాను మీరు ఇవ్వండి.

వాననీళ్లు నిలిచే చోటును తేలిగ్గా తీసుకోవద్దు. 2021 అక్టోబరులో తిరుపతి వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జిలో వాహనం నీళ్లలో మునిగి ఒక యువతి చనిపోయింది, రాత్రిపూట లోతు తెలియకనే దిగారు. మీరైతే ఇప్పటికిప్పుడు కాలువ అంచున మనిషెత్తు కర్రలు పాతి ఎర్ర గుడ్డలు కట్టండి. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నర్సక్క:

కుక్కల గురించి ఎవరూ వివరంగా రాయలేదు, నేను రాస్తా. 'కుక్కల్ని పట్టుకుపోయి ఎక్కడైనా వదిలేయండి' అని అర్జీ రాశారంటే నిబంధనలు ఒప్పుకోవు అని ఒక్క లైనుతో మూసేస్తారు. 2023 ఏబీసీ (జంతువుల జనన నియంత్రణ) నిబంధనల ప్రకారం ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టినచోటే వదలాలి. కానీ స్కూలుకు వేరే సంగతి. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోంచి పట్టిన కుక్కల్ని మళ్లీ అక్కడే వదలొద్దని, ఆవరణలకు కంచె ఉండాలని చెప్పింది. కాబట్టి ఆ అర్జీ మీరు కాదు, హెడ్మాస్టరు రాయాల, స్కూలు లెటర్‌హెడ్ మీద. చికెన్ అంగళ్లోళ్లు వ్యర్థాలు కాలువలో పారేస్తున్నారని వేరే కాగితం శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు ఇవ్వండి, తిండి దొరికేంతవరకు ఆ గుంపు అక్కణ్ణించి కదలదు.

కరిస్తే మాత్రం, దయచేసి పసుపు, సున్నం, కారం పూయకండి. ఈ మధ్య కూడా ఒక పిల్లోడిని కారం దట్టించి తీసుకొచ్చారు. కొళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, తర్వాత ప్రభుత్వాసుపత్రికి. టీకా ఉచితం, మొదటి సూది వేసిన రోజు, ఆ తర్వాత 3వ, 7వ, 28వ రోజు. రక్తం వచ్చేలా కరిస్తే టీకాతో పాటు గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి, అది ఉన్న ఆసుపత్రి ఏదో ముందే కనుక్కుని పెట్టుకోండి. మూడు సూదులయ్యాక బాగుంది కదా అని నాలుగోది మానేసేవాళ్లే ఎక్కువ.

ఆడపిల్లలు ఆ చీకట్లో వచ్చేటట్టయితే ఫోన్లో పోలీసుల శక్తి యాప్ వేయించండి, లేదంటే 112. సచివాలయంలో మహిళా పోలీసు ఉంటే, లైట్ల అర్జీ కాపీ ఒకటి ఆమెకూ ఇవ్వండి, చీకటి రోడ్డు అంటే ఆమె కూడా పైకి రాయాల్సిన విషయమే.

పాతబస్టాండు:

అందరికీ చెప్పడానికి వచ్చా. మాస్టారు చెప్పినట్టు విడివిడిగా రాసి ఇన్‌వార్డ్ నంబర్లు వేయించుకున్నాం. హెడ్మాస్టరు మొదట వెనకాడాడు, సుప్రీంకోర్టు మాట చెప్పాక లెటర్‌హెడ్ మీద రాసిచ్చాడు. లైట్ల సంగతి నిజంగానే పెట్టెలోదే, బాగుచేశారు, రెండు స్తంభాలకు తప్ప మిగతావి వెలుగుతున్నాయి. స్కూలు గోడ వెంబడి ఇసుక నింపిన డ్రమ్ములు పెట్టి టేపు కట్టారు. మేస్త్రిగారు చెప్పిన కర్రలు మేము ముందే పాతేశాం. రోడ్డు ఎవరిదో మాత్రం ఇంకా తేలలేదు, సమాచార హక్కు అర్జీ వేసి ఎదురుచూస్తున్నా. కుక్కలు అక్కడే ఉన్నాయి. చికెన్ అంగడాయన నాతో మాట్లాడటం మానేశాడు.

మామిడితోట:

ఫొటో పేపర్లో వేయిస్తిరా లేదా?

పాతబస్టాండు:

లేదు సామీ, డ్రమ్ములు వచ్చేశాయి కదా, ఇప్పుడు వేయిస్తే చేసినోళ్లకు కోపం వస్తుందేమోనని ఊరుకున్నా.

చిత్తూరు_వకీలమ్మ:

పేపర్ సంగతి మీ ఇష్టం అన్నా, కానీ ఆ డ్రమ్ములకు తేదీ పడేట్టు ఫొటోలు తీసి పెట్టుకోండి. డ్రమ్ములు పెట్టారంటే అక్కడ ప్రమాదం ఉందని వాళ్లే ఒప్పుకున్నట్టు. రేపు ఎవరైనా వాటిని తీసుకెళ్లిపోయినా, కాలువ మాది కాదని మళ్లీ మొదలుపెట్టినా, ఆర్డీవోకు ఇచ్చే అర్జీలో మొదటి జత కాగితం అదే కావాలి. ఆ రెండు స్తంభాల నంబర్లతో ఇంకో అర్జీ ఈ వారమే ఇచ్చేయండి.